సన్యాసమ్మ పిట్టలు

మా సుంకరివలసలో పిట్టలకి జాతులు లేవు. ఇళ్ళు ఉన్నాయి.

గోరింక, పిగిలిపిట్ట, పసులపోలిగాడు అనే పేర్లు మాకు తెలియక కాదు. బడిలో చదువుకున్నాం. పెరట్లో అవి పనికిరావు. పొద్దున్నే బియ్యం చెరిగాక మిగిలిన నూకల్లో మొదటి గుప్పెడు పిట్టలకి చల్లడం మా ఊరి ఆడవాళ్ళ ఆనవాయితీ. చల్లుతూ ఒక పిలుపు పిలుస్తారు. ఏ ఇద్దరి పిలుపూ ఒకటి కాదు. అత్తారింటికి వచ్చిన పిల్ల కట్టూ, వంటా, చివరికి దేవుణ్ణి కూడా మార్చుకుంటుంది కానీ, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ పిలుపు మాత్రం మార్చుకోదు. ఆ నూకలు తిన్న పిట్ట ఏ రంగుదైనా ఆమె పిట్టే. ఎర్నమ్మ నూకలు తింటే కాకైనా ఎర్నమ్మ పిట్టే, కుట్టుపిట్టైనా ఎర్నమ్మ పిట్టే.

ఈ సంగతి పట్నం నుంచి వచ్చిన పక్షుల డాక్టరమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆమె పేరు శ్యామల. పక్షులకి వైద్యం చేసే డాక్టరు కాదు, పక్షుల మీద చదువుకున్న డాక్టరు. ఇది తెలియక మొదటిరోజు సగం ఊరు తెగులు కోళ్ళని చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె తయారుచేస్తున్నది ఒక పెట్టె. మంచినూనె డబ్బా అంత ఉంటుంది. కొమ్మకి తగిలిస్తే పిట్ట గొంతు విని, అది ఏ పిట్టో పైకి చెబుతుంది. అలా చెప్పాలంటే ముందు దానికి వేల గొంతులు వినిపించి, ఒక్కోదాని పేరు నేర్పాలి. అందుకని ఆమె ఊరి పెరళ్ళన్నిటా మైకులు పెట్టి కూతలు పట్టింది. ఆరునెలలు మా ఆడవాళ్ళని పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, వాటిని ఒక్కొక్కటే వినిపించింది.

"ఇదేం పిట్టమ్మా?"

"ఎర్నమ్మ పిట్ట."

"ఇది?"

"ఇదీ ఎర్నమ్మ పిట్టే."

"ఇది?"

"ఇది సింహాద్రమ్మది. దొంగముండ, మా పెరట్లోకొచ్చి తినేస్తాది."

"పిట్టా?"

"సింహాద్రమ్మ."

డాక్టరమ్మ ఇవన్నీ పిట్టలకి మా ఊళ్ళో వాడే పేర్లనుకుంది. శ్రద్ధగా రాసుకుంది. ఏ ఇంటికీ చెందని పిట్టని మా ఆడవాళ్ళు దిక్కుమాలిన పిట్ట అంటారు. అదీ రాసుకుంది.

తర్వాత పట్నంలో తన ప్రయోగశాలలో పెట్టె తెరిచి చూసిందట. కాకి గొంతు వినిపిస్తే 'ఎర్నమ్మ పిట్ట' అంది. పిగిలిపిట్ట గొంతుకీ అదే మాట. ఇంకో కాకి గొంతుకి 'సింహాద్రమ్మ పిట్ట' అంది. పైఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడట. ఆరునెలల చాకిరీ. పెట్టెని గోడకేసి కొట్టబోయి, ఎందుకో ఆగి, మా ఊళ్ళో కొత్తగా పట్టిన వంద కూతలు వినిపించి చూసింది. ఏ కూత ఏ పెరట్లో పట్టిందో ఆమె దగ్గర రాసి ఉంది. తొంభై ఒకటి సరిగ్గా చెప్పింది.

కాకికీ పిగిలిపిట్టకీ తేడా తెలియని ఆ పెట్టె, పిట్ట ఏ పెరట్లో పెరిగిందో చెబుతోంది. రెండురోజులు ఆమె అన్నం తినలేదట.

సంగతేమిటంటే, పొద్దున్నే ఆ పిలుపు వినబడుతుంది, వెంటనే తల్లిపిట్ట నోట్లో నూక తెస్తుంది. గూట్లో కళ్ళు తెరవని పిల్లకి మొదట తెలిసేది ఈ రెండే. ఆ పిలుపులోని విరుపు దాని గొంతులో ఉండిపోతుంది. కాకిలో కాకిలాగే, గోరింకలో గోరింకలాగే ఉంటుంది కానీ, ఉంటుంది. మనం పట్నం వెళ్ళి నోరు విప్పితే ఏ ప్రాంతమో ఇట్టే చెప్పేసి నవ్వుతారు. పిట్టలదీ అదే గతి. యాస.

నా పేరు లంక పారినాయుడు. నా భార్య సన్యాసమ్మ పోయి ఆరేళ్ళు. ఆమె పోయిన నెలకి పెరట్లో మునగ, జామ, సీతాఫలం కొట్టించి సిమెంటు పోయించాను. ఆకులు ఊడ్చే దిక్కు లేదని ఊరికి చెప్పాను. ఊరు నమ్మింది.

గోడ అవతల గుంపస్వామి ఉంటాడు. నా బావమరిది. తల్లి లేని పిల్లవాడని సన్యాసమ్మ కాపరానికి వస్తూ వాణ్ణి వెంట తెచ్చుకుంది. అప్పటికి వాడికి ఆరేళ్ళు. నా ఇంట్లో పెరిగాడు. పెళ్ళి చేసి పక్కింట్లో పెట్టాను. ఆమెకి గుండెల్లో నొప్పి వచ్చిన రోజు నేను సంతలో ఉన్నాను. వాడు ఇంట్లో ఉన్నాడు. గ్యాసు అన్నాడు. సోడా పట్టించి వీపు రాశాడు. ఆటో కోసం పరిగెత్తేసరికి అయిపోయింది. ఆ రోజు నుంచీ నేను వాడితో మాట్లాడలేదు. వాడు నా గడప తొక్కకూడదని చెప్పాను. తొక్కలేదు.

చైత్రమాసంలో డాక్టరమ్మ పెట్టెలు తెచ్చి ఊరి పెరళ్ళలో చెట్లకి కట్టించింది. నా పెరట్లో చెట్టు లేదు కనుక నాకు పెట్టె లేదు. గుంపస్వామి పనసచెట్టుకి ఒకటి కట్టింది. మర్నాడు పొద్దున్న నేను సిమెంటు మీద నిలబడి వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాను. అవతల ఏదో పిట్ట కూసింది. వెంటనే రైల్వేస్టేషన్లో బళ్ళ రాకపోకలు చెప్పే ఆడగొంతు లాంటిది ఒకటి పలికింది:

"సన్యాసమ్మ పిట్ట."

పుల్ల నోట్లోనే విరిగింది.

"సన్యాసమ్మ పిట్ట." మళ్ళీ. "ఎర్నమ్మ పిట్ట. సన్యాసమ్మ పిట్ట. సన్యాసమ్మ పిట్ట."

ముప్పై ఏడుసార్లు. గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఎవుడ్రా నా పెళ్ళాన్ని పేరెట్టి పిలుస్తన్నాడు?"

గోడ మీద ఎర్నమ్మ తల లేచింది. ఎర్నమ్మ గుంపస్వామి భార్య. "ఎవులూ పిలవలేదు అన్నయ్యా. పెట్టి."

"పెట్టికి ఆవిడి పేరు ఎవులు సెప్పినారు?"

"నానే సెప్పినాను. వదిన పిట్టలు గావేటి ఇయి? నువ్వు సెట్లు కొట్టించినప్పుడు ఏడుసుకుంటా ఇటొచ్చీసినాయి. గొంతు ఇంటే నీకు తెలీదేటి?"

నాకు తెలియలేదు. ముప్పై రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమె నూకలు చల్లే వేళకి నేను పొలంలో ఉండేవాణ్ణి. వానకాలం ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ పిలుపు చెవిన పడే ఉంటుంది. పెరట్లో పెళ్ళాం అరిచే అరుపుల్ని మొగుళ్ళు వినరు.

అయినా నా పిట్టలు వాడి చెట్టు మీద ఉండటం నేను ఒప్పుకోను. అడ్డెడు నూకలు తెచ్చాను. డాక్టరమ్మకి చెప్పి బట్టలారేసే కర్రకి ఒక పెట్టె కట్టించుకున్నాను. సిమెంటు మీద నూకలు చల్లి, నోటికొచ్చినట్టు పిలిచాను. కాకులు వచ్చాయి. నాలుగు పావురాలు వచ్చాయి.

"దిక్కుమాలిన పిట్ట," అంది పెట్టె. ఊరంతా వినబడేలా. "దిక్కుమాలిన పిట్ట. దిక్కుమాలిన పిట్ట."

పందొమ్మిది లెక్కపెట్టి పెట్టె మీద గోనెసంచి కప్పాను. సంచి లోపలినుంచి కూడా అంది. వారం తిరక్కుండా ఊళ్ళో నా వెనకాల నాకే ఆ పేరు స్థిరపడింది.

అందుకని పంచాయతీ పెట్టించాను. సర్పంచి అచ్చియ్యమ్మ పెద్దమనిషి. కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ సాక్షి. గుంపస్వామి స్తంభం పక్కన నిలబడ్డాడు. మనిషి ఆరడుగులు, మీసం ఒక్కటే జానెడు, గొంతు మాత్రం పైకి రాదు.

"పిట్టలు నాయి," అన్నాను. "పెట్టే సెప్తన్నాది. నాయి నాకు ఇప్పించండి."

"ఏటి గుంపస్వామీ, నువ్వేటంతావు?" అంది అచ్చియ్యమ్మ.

"బావయే," అన్నాడు వాడు. "నాను కాదననేదు."

"కాదనకపోతే మరి పంచాయతీ ఎందుకూ? డాక్టరమ్మా, పెట్టి మాట నిజిమేనా?"

"వందకి తొంభై సార్లు నిజమండీ," అంది డాక్టరమ్మ.

ఇంతలో సింహాద్రమ్మ లేచింది. "మరి కోయిల సంగతేటి మేడమ్మా? కాకి గూట్లో పుట్టి, కాకి పెట్టింది తిని పెరుగుతాది గదా. దాని యాస ఎవులిది?"

"కోయిల ఎవరి మాటా నేర్చుకోదమ్మా. ఎక్కడ పెరిగినా దాని పాట దానిదే."

"మా అల్లుడే," అంది సింహాద్రమ్మ తృప్తిగా కూర్చుంటూ.

అచ్చియ్యమ్మ తీర్పు చెప్పింది. "పిట్టలు నీయే పారినాయుడూ. ఎవులూ కాదననేదు. తీసుకెల్లు."

"ఎలగ తీసుకెల్తాను?"

"అది నీ తంటా. నాను తీర్పు సెప్తాను గాని పిట్టలు పడతానా?"

గుంపస్వామి నేల చూస్తూ అన్నాడు: "పోనీ నువ్వే మా పెరట్లోకి రా బావా. పొద్దున్నపూట కూకో. ఇను."

నేను అచ్చియ్యమ్మతో అన్నాను: "ఆడి గుమ్మం తొక్కనని ఆడికి సెప్పండి."

"ఆడికి ఇనబడింది. లెగండి," అంది అచ్చియ్యమ్మ. పంచాయతీ లేచింది.

జ్యేష్ఠం చివర డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. మంచినీళ్ళు ఇచ్చాను. ఇంట్లో ఇవ్వడానికి అంతకంటే ఏమీ ఉండదు.

"పారినాయుడు గారూ, ఏప్రిల్లో ఆ పెట్టె రోజుకి ముప్పై ఏడుసార్లు మీ ఆవిడ పేరు చెప్పింది. మే నెలలో ఇరవై రెండు. ఇప్పుడు తొమ్మిది."

"పెట్టి పాడయినాదేటి?"

"పెట్టె బాగానే ఉంది. పాత పిట్టలు చచ్చిపోతున్నాయి. కొత్త పిల్లలు ఎర్నమ్మ గారి పిలుపు వింటూ పెరుగుతున్నాయి. యాస మారిపోతోంది. వచ్చే ఏడాదికి ఆ పేరు వినబడదు."

ఆమె తాగిన గ్లాసు అందుకున్నాను.

"మీ చూరు కింద గోరింకల జంట గూడు పెట్టింది, చూశారా?"

చూడలేదు. రెట్టలు పడుతుంటే బల్లులనుకున్నాను.

"ఆ రెండూ సన్యాసమ్మ గారి పిట్టలే, పెట్టెతో చూశాను. గుడ్లున్నాయి. వారంలో పిల్లలు దిగుతాయి. ఆ పిల్లలకి రోజూ పొద్దున్నే ఆవిడ పిలుపు వినిపిస్తే, వాటికి పట్టుబడుతుంది. వాటినుంచి వాటి పిల్లలకి. లేదంటే ఇదే ఆఖరు."

"పిట్టల గొంతు పట్టినారు గదా. అదే ఇనిపించండి."

"అది పిట్టల గొంతు. పిల్లలకి కావలసింది ఆవిడ పిలుపు. ఎవరైనా పిలవగలరా?"

గోడ మీద ఎర్నమ్మ తల ఎప్పుడు లేచిందో తెలియదు. "మా ఆయనికొచ్చు," అంది. "సిన్నప్పుడు వదిన కొంగట్టుకుని ఎనకాలే తిరిగీవోడు గదా. పండగనాడు ఓ సుక్క ఏసుకుంటే పిలుస్తాడు. ఊరు నవ్వుతాదని నానే నోరు నొక్కేస్తాను."

"నాకూ వచ్చు," అన్నాను.

డాక్టరమ్మ నన్ను చూసింది. అబద్ధమని ఆమెకి తెలిసింది. "అయితే ఇద్దరూ రేపు మా ప్రయోగశాలకి రండి. ఇక్కడ పిట్టల గోల. అక్కడ చప్పుడు లేని గది ఉంది. ఎవరిది సరైన పిలుపో పెట్టే చెబుతుంది."

ఆ రాత్రంతా దుప్పటి కప్పుకుని సాధన చేశాను.

బస్సు జీడిపిక్కల బస్తాలతో నిండి ఉంది. ఖాళీగా ఉన్నది ఒక్కటే సీటు, ఇద్దరు పట్టేది. కిటికీ పక్క నేను కూర్చున్నాను. వాడు సగం సీటు మీద, సగం గాలిలో కూర్చున్నాడు.

"ఇద్దరూ ఒకటేనా?" అన్నాడు కండక్టరు.

"కాదు," అన్నాను.

"ఎక్కడికి?"

"పట్నం."

"ఈయన?"

"ఆయన్నే అడుగు."

"బావ ఎక్కడ దిగితే అక్కడే," అన్నాడు గుంపస్వామి.

కండక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ముందుకి పోయాడు. గంటన్నర ప్రయాణం. మలుపు వచ్చినప్పుడల్లా వాడి బరువు నా మీద పడేది. పడకుండా ఉండటానికి వాడు ముందు సీటు కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. పట్టుకోవద్దని నేను చెప్పలేదు.

ఆ గది గోడలకి పరుపులు కొట్టి ఉన్నాయి. లోపల మన ఊపిరి మనకే వినబడుతుంది. మధ్యలో బల్ల మీద పెట్టె. డాక్టరమ్మ అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపింది. ముందు నేను. గొంతు సవరించుకుని, తలగుడ్డ తీసి, దుప్పట్లో సాధన చేసినదంతా పిలిచాను.

పెట్టె కాసేపు ఆలోచించింది.

"దిక్కుమాలిన పిట్ట."

అద్దం అవతల డాక్టరమ్మ అటు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి.

"నీ వంతు," అన్నాను గుంపస్వామితో. ఆరేళ్ళలో వాడితో అన్న మొదటి మాట.

వాడు చెమట తుడుచుకున్నాడు. మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, సిగ్గుతో. కళ్ళు మూసుకున్నాడు. ఆ ఆరడుగుల మనిషి గొంతులోంచి సన్నగా, పైస్థాయిలో ఆడగొంతు వచ్చింది. "తీ... తీతీ... దా." చివరి 'దా' దగ్గర గొంతు కొంచెం పైకి లేచింది, వస్తావా రావా అని అడుగుతున్నట్టు.

నేను గోడకి ఆనుకున్నాను. ఆ పిలుపు నాకు తెలుసు. అన్నానికి పిలిచినప్పుడు, ఊరు వెళుతుంటే తొందరగా రమ్మన్నప్పుడు, 'రా' అనే మాట ఆమె నోట్లో అలాగే పైకి లేచేది. ముప్పై రెండేళ్ళు నన్ను కూడా ఆ విరుపుతోనే పిలిచింది.

పెట్టె ఈసారి ఆలోచించలేదు.

"సన్యాసమ్మ పిట్ట."

డాక్టరమ్మ తలుపు తీసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. "దానికి మనిషి గొంతు ఎప్పుడూ వినిపించలేదు! పిట్టో మనిషో దానికి తెలియదు. ఏ పెరట్లో పెరిగిందో అదొక్కటే..." అని ఆగింది. గుంపస్వామి నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. మీసం తడిసి రెండువైపులా వేలాడుతోంది.

"పెట్టికి తెలిసిపోనాది మేడమ్," అన్నాడు. "పెట్టికి తెలిసిపోనాది."

తిరుగుబస్సు మమ్మల్ని పెద్దరోడ్డు మీద దింపింది. ఊరు మైలున్నర. తోటల మధ్య మట్టిరోడ్డు. ఎండ వాలుతోంది. నేను ముందు, వాడు పది అడుగుల వెనక. పిల్లలు దిగేది ఇంక అయిదారు రోజుల్లో. అడగాలి. అడగడం నాకు అలవాటు లేదు.

"ఒరే."

వాడు ఆగిపోయాడు.

"పొద్దున్నపూట వచ్చి ఆ పిలుపు పిలిచి పోతావా? నా పెరట్లో."

వాడు దగ్గరికి వచ్చాడు. "వస్తాను బావా. నా పేనం ఉన్నన్నాళ్ళు వస్తాను. ఒక్క మాట సెప్పు. అప్ప నా వల్ల పోనేదని సెప్పు. ఉత్తినే అయినా సెప్పు. ఆరేళ్ళయి నాను సోడా కొట్టు ముందరనించి నడవనేదు."

ఉత్తినే ఏ మాటా నేను చెప్పను. గ్యాసని అన్నది వాడే. ఆ గంట పోయింది వాడి వల్లే. అది నేను మరిచిపోను. చచ్చేదాకా మరిచిపోను.

కానీ ఆ రోజు తెల్లవారుజామున నేను బెండకాయల గంపలు బండికి ఎత్తుతుంటే ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఎడంపక్క రాత్రినుంచీ లాగుతోందంది. నీకు రోజూ ఏదో ఒక నొప్పే, సంత అయ్యాక చూద్దాంలే అన్నాను. బండి తోలుకుపోయాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెట్లు కొట్టించాను, సిమెంటు పోయించాను, వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఇది మాత్రం చెప్పలేదు.

"సగం నీదే," అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. కాసేపు నడిచాం. ఇప్పుడు పక్కపక్కనే.

"మిగతా సగం, బావా?"

"నాది. పొద్దున్న సెప్పింది నాకు. నొప్పని. ఇననేదు నాను."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను రోడ్డు చూశాను. ఊరు దగ్గరపడ్డాక అన్నాను:

"అయిదింటికి. బేగి రా. నూకలు నా దగ్గర ఉన్నాయి."

మర్నాడు నాలుగున్నరకే ఎవరో దగ్గారు. వాడే. గుమ్మం అవతల వీధిలో నిలబడ్డాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. లోపలికి రమ్మని నేను అనలేదు. తలుపు మాత్రం బార్లా తీసి, నూకల చేట తేవడానికి వెనక్కి తిరిగాను.